లక్షలు పోసి కొన్న మార్కెట్ రిపోర్టు గుంటూరులో ఎంతవరకు పనికొస్తుంది?

గుంటూరు చుట్టుపక్కల కారం మిల్లు పెట్టాలన్నా, విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాక్టరీ మొదలుపెట్టాలన్నా, బ్యాంకు మెట్లెక్కే ముందు ఆడిటర్ దగ్గర ప్రాజెక్టు రిపోర్టు రాయించుకోవడం మామూలే. మెషినరీ కొటేషన్లు, కరెంటు లోడు, షెడ్డు ఖర్చు, వర్కింగ్ క్యాపిటల్, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని లెక్కవేసినవే అయ్యుంటాయి. ఒక్క పేజీ మాత్రం అలా ఉండదు. పైన 'మార్కెట్ అవకాశాలు' అని రాసి, దేశంలో మసాలా పొడుల మార్కెట్ ఇన్ని వేల కోట్లు, ఏడాదికి ఇంత శాతం పెరుగుతోంది, ఫలానా సంవత్సరానికి ఇంతవుతుంది అని రెండు మూడు లైన్లు ఉంటాయి. ఆ అంకె ఎక్కడిదంటే రాసిన ఆడిటర్‌కూ తెలియదు, అప్పు తీసుకునేవాడికీ తెలియదు, చాలాసార్లు మేనేజరు అడగను కూడా అడగడు. వెనక్కి తవ్వుకుంటూ పోతే అది ఏదో రిసెర్చ్ సంస్థ తన ఖరీదైన రిపోర్టు అమ్ముకోవడానికి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన ప్రకటనలోని మొదటి పేరా అని తేలుతుంది.

ఈ రిపోర్టులన్నీ దండగ అని కొట్టిపారేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. అది నిజం కాదు. వాటిలో కష్టపడి పోగుచేసిన సమాచారం ఉంటుంది, చదవడం తెలిస్తే డబ్బు మిగిల్చే సంగతులూ ఉంటాయి. తేడా అంతా ఎక్కడ చదువుతున్నారన్న దానిలోనే. అందరూ పట్టుకుపోయే మార్కెట్ సైజు, పెరుగుదల శాతం ఆ రిపోర్టు మొత్తంలో బలహీనమైన భాగం. ఎవరూ తిప్పని పేజీలు, అంటే దేన్ని మార్కెట్ అన్నారు, ఎలా లెక్కకట్టారు, ఎవరిని అడిగారు అని చెప్పే పేజీలు, అవే గట్టి భాగం. ఆ పేజీలు చూడకుండా పై అంకెను మాత్రం ప్రాజెక్టు రిపోర్టులోకి దించుకుంటే, వేరే ఎవరో వేరే ప్రశ్నకు రాసుకున్న జవాబు మీద మన ఇల్లు తాకట్టు పెట్టినట్టే.

అసలు ఇవి ఎలా తయారవుతాయి? ఒక కంపెనీ తన ప్రశ్న తాను ఇచ్చి, డబ్బు కట్టి చేయించుకునే పరిశోధన ఒకటి. అది సాధారణంగా బయటికి రాదు. ఒకసారి రాసి ఎంతమంది కొంటే అంతమందికి అమ్మేది రెండోది, మనం ప్రచురిత రిపోర్టులు అనేవి ఇవే. బీసెంట్ రోడ్డులో రెడీమేడ్ చొక్కా కొన్నట్టు, భుజం దగ్గర సరిపోతే చెయ్యి పొడుగవుతుంది. మన దేశంలో ఇలాంటి రిపోర్టులు రాసి అమ్మే సంస్థలకు పుణె పెద్ద కేంద్రం. ఒక్కరు చదువుకునే లైసెన్సు మామూలుగా 3,000 నుంచి 5,000 డాలర్లు పలుకుతుంది, మన డబ్బులో రెండున్నర లక్షల నుంచి నాలుగు లక్షల పైదాకా అన్నమాట. కంపెనీలో అందరూ చూసుకునే లైసెన్సు ఇంకా ఎక్కువ. లోపల ముడిసరుకు మాత్రం చాలావరకు అందరికీ అందుబాటులో ఉన్నదే: ప్రభుత్వ గణాంకాలు, కంపెనీల వార్షిక నివేదికలు, కోల్‌కతాలోని వాణిజ్య గణాంకాల డైరెక్టరేట్ ఇచ్చే ఎగుమతి దిగుమతి లెక్కలు, వీటికి తోడు ఆ రంగంలో ఉన్న కొంతమందితో ఫోన్ సంభాషణలు. వీటిని కలిపి, ఖాళీలున్నచోట అంచనాలతో పూడ్చి, ఒక పట్టిక చేస్తారు. ఇందులో మోసమేమీ లేదు. పూడ్చిన చోటు ఏదో, కొలిచిన చోటు ఏదో చదివేవాడికి తెలియకపోవడమే చిక్కు.

ఆ పూడ్చడం ఎంత దూరం తీసుకుపోతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ప్రపంచ మార్కెట్ ఇంత, అందులో ఇండియా వాటా ఇంత శాతం, దానిలో మన రాష్ట్రం వాటా ఇంత శాతం అని పైనుంచి కిందికి దిగుతూ లెక్కకట్టడం బాగా వాడే పద్ధతి. మూడు మెట్లలో ప్రతి అంచనా నిజానికి ఇరవై శాతం అటూ ఇటూ ఉండొచ్చనుకుందాం, అది పెద్ద తప్పేమీ కాదు, మంచి అంచనానే. మూడూ ఎక్కువ వైపు తప్పితే 100 అనుకున్నది 173 అవుతుంది. మూడూ తక్కువ వైపు తప్పితే 51కి పడిపోతుంది. ఈ కొసకీ ఆ కొసకీ మూడు రెట్లకు పైగా తేడా. అయినా రిపోర్టులో కనిపించేది మాత్రం దశాంశ బిందువు తర్వాత రెండంకెలతో ఒకే ఒక సంఖ్య. దశాంశం చూడగానే ఎవరో త్రాసు పెట్టి తూచారేమో అనిపిస్తుంది.

ఇక మిర్చి దగ్గరికి వద్దాం, ఎందుకంటే నిర్వచనం అనే మాటకు అసలు అర్థం యార్డులో తెలుస్తుంది. రిపోర్టులో 'ఎండు మిర్చి' అని ఒకటే వరస. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే ఒక కమీషన్ కొట్టు ముందు నిలబడితే ఆ ఒక్క వరస ఎన్ని ముక్కలవుతుందో చూడాలి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పి కొనేవాడు చెయ్యి లోపలిదాకా పెట్టి, పైనున్న కాయ కాకుండా మధ్యలోని కాయ తీస్తాడు. గుప్పిట్లో నలిపి తేమ చూస్తాడు, కాయ విరిచి గింజ రంగు చూస్తాడు, తొడిమ ఉందా తీసిందా చూస్తాడు, తెల్లబడ్డ తాలు కాయ ఎంత కలిసిందో ఒక చూపులో అంచనా కడతాడు. రకాల్లో తేజ వేరు, 334 వేరు, 341 వేరు, బ్యాడిగి వేరు. తేజ ఘాటుకి, బ్యాడిగి రంగుకి. చైనాకు వెళ్ళేదానిలో ఎక్కువ భాగం తేజనే, అక్కడ వంటతో పాటు కాయ నుంచి ఘాటు, రంగు తీసే పరిశ్రమకూ అది కావాలి. తాలు కాయలకు వేరే ధర, వేరే కొనుగోలుదారులు. అదే రోజు అదే యార్డులో మంచి తేజకూ తాలుకూ మధ్య ధర సగానికి సగం తేడా ఉండొచ్చు. వీటన్నిటినీ కలిపి సగటు తీసి, దాన్ని మొత్తం టన్నులతో గుణిస్తే వచ్చేది 'మార్కెట్ విలువ'. ఆ విలువలో కారం మిల్లు పెట్టేవాడు నిజంగా కొనే రకం ఎంతో, ప్యాకెట్‌లో అమ్మే కారం ఎంతో, హోటళ్ళకు లూజుగా పోయేది ఎంతో, ఇళ్ళల్లో జనం కాయ కొనుక్కుని మరపట్టించుకునేది లెక్కలో ఉందో లేదో తెలియకపోతే ఆ సంఖ్యతో చేసేదేమీ లేదు. మన జిల్లాల్లో ఎండాకాలం వస్తే కాయ కొని, ఆరబెట్టి, తొడిమలు తీసి, మరాడించుకునే ఇళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో వీధిలో నడిస్తే తెలుస్తుంది. ప్యాకెట్ కారం అమ్మేవాడికి అసలు పోటీ ఆ ఇళ్ళతోనే, కానీ రిపోర్టులోని పోటీదారుల పట్టికలో ఉండేవి బ్రాండ్ల పేర్లు మాత్రమే.

ఇంకో ఇబ్బంది, ఇది మిర్చిలాంటి సరుకుల్లో మరీ ఎక్కువ: అడిగినవాళ్ళు నిజం చెప్పడానికి కారణం ఉండదు. కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని లక్షల టిక్కీలు నిల్వ ఉన్నాయన్నది ధరను కదిలించే సమాచారం. నిల్వ ఎక్కువుందన్న మాట పాకితే ధర తగ్గుతుంది కాబట్టి కొనేవాడు ఎక్కువే చెబుతాడు, సరుకు దాచుకున్నవాడు తక్కువే చెబుతాడు. 'పరిశ్రమ నిపుణులతో ఇంటర్వ్యూల ఆధారంగా' అని రాసినప్పుడు ఆ నిపుణుడు ఆ రోజు ఏ వైపున్నాడో అడగాలి. నిపుణుడు అబద్ధాలకోరని కాదు, అతని డబ్బు ఆ అంకె మీదే ఆధారపడి ఉంది, అంతే.

ఒకే విషయం మీద రెండు పేరున్న నివేదికలు ఎంత దూరంగా నిలబడగలవో చూడాలంటే కోల్డ్ స్టోరేజీల కథే చూడాలి. గుంటూరు చుట్టూ ఈ గిడ్డంగుల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఇది మనకు పక్కింటి సంగతే. 2010లో నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజ్ చేసిన అధ్యయనం, దేశానికి 6.1 కోట్ల టన్నులకు పైగా కోల్డ్ స్టోరేజీ సామర్థ్యం కావాలని, ఉన్నది దాదాపు 2.4 కోట్ల టన్నులే కాబట్టి సుమారు 3.7 కోట్ల టన్నులు తక్కువ పడుతోందని చెప్పింది. ఈ లోటు అంకె ఏళ్ళ తరబడి ప్రసంగాల్లో, సబ్సిడీ దరఖాస్తుల్లో, పత్రికల్లో తిరిగింది. 2015లో జాతీయ కోల్డ్ చైన్ అభివృద్ధి కేంద్రం, నాబార్డ్ కన్సల్టెన్సీ కలిసి మళ్ళీ లెక్కకట్టాయి. కావాల్సింది 3.51 కోట్ల టన్నులు, ఉన్నది 3.18 కోట్లు, లోటు 33 లక్షల టన్నులు మాత్రమే అని తేల్చాయి. 3.7 కోట్లు ఎక్కడ, 33 లక్షలు ఎక్కడ!

ఐదేళ్ళలో గిడ్డంగులు కొన్ని పెరిగాయి, నిజమే, కానీ తేడాకు అదొక్కటే కారణం కాదు. మొదటిది పండిన పంట వైపు నుంచి చూసింది: దిగుబడి ముమ్మరంగా వచ్చే కాలంలో ఎంత సరుకు వస్తుందో దాన్నిబట్టి చోటు కావాలంది. రెండోది తినేవాళ్ళ వైపు నుంచి చూసింది: పట్టణాల్లో ఎంత వినియోగం ఉంది, అక్కడికి చేరే సరుకు ఎన్ని రోజులు నిల్వ ఉండాలి, ఒకే గది ఏడాదిలో ఎన్నిసార్లు నిండి ఖాళీ అవుతుంది అని. ప్రశ్న మారింది, జవాబు మారింది. పైగా రెండో నివేదికలో అసలు వార్త వేరే చోట ఉంది. పొలం దగ్గర సరుకు ఏరి, శుభ్రం చేసి, చల్లబరిచే ప్యాక్‌హౌస్‌లు 70 వేలకు పైగా కావాల్సిన చోట 249 ఉన్నాయని, చల్లని లారీలు దాదాపు 62 వేలు కావాల్సిన చోట 10 వేల లోపే ఉన్నాయని, పండ్లు మగ్గబెట్టే గదులు 9 వేలకు పైగా కావాల్సిన చోట 812 ఉన్నాయని చెప్పింది. 2010 లెక్కను నమ్మి ఇంకో గిడ్డంగి కట్టడానికి అప్పు చేసిన మనిషికి, ఈ రెండో పట్టిక ముందే కనబడి ఉంటే బహుశా ఒక చల్లని లారీ కొనేవాడు.

దీనికి తోడుగా తిరిగే అంకె ఇంకొకటుంది, మన దేశంలో పండే పండ్లు కూరగాయల్లో నలభై శాతం వృథా అవుతాయని. ఎంత చదువుకున్నవాళ్ళ నోటైనా వినిపిస్తుంది. వ్యవసాయ పరిశోధన మండలి కింద ఉన్న లూథియానాలోని సీఫెట్ సంస్థ 2015లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం పండ్లు కూరగాయల్లో నష్టం, పంటను బట్టి 4.58 శాతం నుంచి 15.88 శాతం వరకు. పైన ఉన్న 15.88 జామకాయది. 2022లో నాబార్డ్ కన్సల్టెన్సీ చేసిన అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే పరిధిలో చెప్పింది. నలభై మాత్రం చావలేదు. ఒక రిపోర్టు ఇంకో రిపోర్టును చూపిస్తుంది, అది ఒక పత్రికను చూపిస్తుంది, పత్రిక ఒక ప్రసంగాన్ని చూపిస్తుంది, చివరికి ఎవరూ పొలంలో బుట్ట తూచిన దాఖలా దొరకదు. పదిచోట్ల కనబడింది కాబట్టి నిజమై ఉంటుందనుకోవడం ఈ రంగంలో జరిగే అతిపెద్ద పొరపాటు. పదిచోట్లా పారే నీళ్ళు ఒకే బోరువి కావచ్చు.

మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నాయి, వీటిని ఢిల్లీలోనో పుణెలోనో కూర్చుని రాసేవాళ్ళు గమనించకపోవడం సహజం. 2014 జూన్ 2కు ముందు లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అంటే హైదరాబాద్‌తో కలిపి. ఆ సంవత్సరాన్ని దాటి వెనక్కి గీసిన గ్రాఫు ఏదైనా సరే, తెలంగాణను విడదీసి మళ్ళీ లెక్కకట్టారో లేదో చూడకుండా నమ్మకూడదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల అని మూడయింది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది. మిర్చి ఎక్కువగా పండే మండలాలు చాలావరకు పల్నాడులోకి పోయాయి. ఈ సంగతి తెలియకుండా పట్టిక చూసేవాడికి గుంటూరు జిల్లాలో మిర్చి సాగు ఒక్క ఏడాదిలో కుప్పకూలినట్టు కనబడుతుంది, పల్నాడు అనే కొత్త చోట ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనబడుతుంది. చేలో మొక్క ఎక్కడిదక్కడే ఉంది, మారింది హద్దు. అమ్మకం మాత్రం ఇప్పటికీ గుంటూరు యార్డులోనే, అక్కడికి కర్నూలు నుంచి, ప్రకాశం నుంచి, తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి కూడా కాయ వస్తుంది. యార్డుకొచ్చిన సరుకును గుంటూరు పంటగా రాసేస్తే తప్పు రెండింతలవుతుంది.

జనాభా సంగతీ ఇంతే. ఇళ్ళ సర్వేకు శాంపిల్ ఎంచుకోవాలంటే జనగణన ఆధారం. మన చివరి జనగణన 2011ది. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి, 2027కు వెళ్ళింది. అంటే ఈ మధ్య వచ్చిన ఏ వినియోగదారుల రిపోర్టైనా, విజయవాడ గురించి ఏం చెప్పినా, కింద పునాది పదిహేనేళ్ళ కిందటి ఊరు. అప్పటికి రాష్ట్ర విభజన లేదు, రాజధానిగా అమరావతి అన్న మాట లేదు, తాడేపల్లి, మంగళగిరి వైపు ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవు. వినియోగ ఖర్చు మీద జాతీయ గణాంక కార్యాలయం చేసే సర్వే కూడా 2011-12 తర్వాత, మధ్యలో 2017-18ది విడుదల కాక, 2022-23కు గానీ రాలేదు. అంతకుముందు అచ్చయిన రిపోర్టుల్లో 'ఒక కుటుంబం నెలకు దేనిమీద ఎంత పెడుతోంది' అన్న పట్టికలు చాలా వరకు పాత కొలతను కొత్త ధరలతో సాగదీసినవే.

శాంపిల్ గురించి ఒక్క మాట. వెయ్యి మందిని సరిగ్గా ఎంచి అడిగితే ఫలితం మూడు శాతం అటూ ఇటూగా నమ్మొచ్చు, అది గణితం. కానీ దేశమంతా కలిపి ఉన్న ఆ వెయ్యిలో విజయవాడ వాళ్ళు నలభై మందే అయితే, విజయవాడ గురించి మాత్రమే చెప్పే మాటకు పొరపాటు పరిధి పదిహేను శాతం అటూ ఇటూ. 'విజయవాడలో 50 శాతం మంది బ్రాండెడ్ కారం కొంటున్నారు' అని రాశారంటే నిజం 35కూ 65కూ మధ్య ఎక్కడో ఉందని అర్థం. కొట్టు పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ఆ రెండు కొసలూ పూర్తిగా వేర్వేరు జవాబులిస్తాయి.

ఇప్పుడు భవిష్యత్తు అంచనాలు. సీఏజీఆర్ (ఏటా సగటు చక్రవృద్ధి రేటు) అని ప్రతి రిపోర్టు మొదటి పేజీలో ఉండేది నిజానికి రెండు చుక్కల మధ్య గీసిన గీత. ఏడేళ్ళలో వంద రెండొందలైతే ఏడాదికి సుమారు 10.4 శాతం అంటారు. మధ్యలో అది అరవైకి పడి మళ్ళీ లేచిందా, ఏటా నిమ్మళంగా పెరిగిందా ఆ శాతం చెప్పదు. నెలనెలా వాయిదా కట్టేవాడికి అదే ప్రాణం. మిర్చినే తీసుకుంటే, 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు ప్రాంతంలో చేలకు చేలే తుడిచిపెట్టుకుపోయాయి. సరుకు తగ్గి ధరలు లేచాయి, 2023లో మంచి తేజ క్వింటా 20 వేలు దాటింది. ఆ ధర చూసి సాగు పెంచారు, నిల్వలు పెరిగాయి, 2025 మొదటికల్లా ధర ఎంత పడిందంటే కేంద్రం ఫిబ్రవరిలో మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించి, 2.58 లక్షల టన్నుల వరకు తేడా భర్తీ చేస్తామనాల్సి వచ్చింది. మొదటి చుక్కకూ చివరి చుక్కకూ మధ్య గీత గీస్తే ఇదంతా మాయమై, ఒక చక్కటి వాలు కనబడుతుంది. ఆ వాలు మీద ఎవరూ బతకలేదు. రైతూ, మిల్లరూ, కోల్డ్ స్టోరేజీ యజమానీ బతికింది ఆ ఎత్తుపల్లాల్లో.

మనం చిన్నవాళ్ళం కాబట్టి ఇలా, పెద్దవాళ్ళకు అంతా ముందే తెలుస్తుందనుకోనక్కర్లేదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ కోసం మెకిన్సే అనే కన్సల్టింగ్ సంస్థ వేసిన అంచనా ప్రకారం 2000 నాటికి అక్కడ సెల్‌ఫోన్ వాడేవాళ్ళు 9 లక్షలు. ఆ ఏడు వచ్చేసరికి పదికోట్లు దాటారు. 2011లో గార్ట్‌నర్, ఐడీసీ అనే రిసెర్చ్ సంస్థలు రెండూ విడివిడిగా, 2015 నాటికి స్మార్ట్‌ఫోన్లలో విండోస్ ఫోన్ దాదాపు 20 శాతం వాటాతో రెండో స్థానానికి వస్తుందన్నాయి. అప్పుడే నోకియా, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపాయి, కాబట్టి లెక్కకు తర్కం ఉంది. 2015 వచ్చేసరికి దాని వాటా 3 శాతం లోపే. రెండు సంస్థలు ఒకే మాట చెప్పాయి కదా అని ధీమా పడినవాళ్ళు గమనించాల్సింది, ఇద్దరూ ఒకే ఊహ మీద నిలబడ్డారని.

అమరావతి చుట్టూ స్థలాల మీద వచ్చిన అంచనాల గురించి విజయవాడ, గుంటూరు వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన, 2024 జూన్‌లో ప్రభుత్వ మార్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభం. ఈ నాలుగు తేదీల్లో ఒక్కటి కూడా ఏ జనాభా పెరుగుదల రేటు లోంచీ, ఏ ఆదాయ పట్టిక లోంచీ బయటికి రాదు. 2016లో తుళ్ళూరులో స్థలం కొన్నవాడికీ 2020లో అమ్ముకున్నవాడికీ మధ్య జరిగినదాన్ని ఏ ఫార్ములా పట్టుకోలేదు. రిపోర్టు రాసినవాళ్ళ తప్పు కాదది. కాకపోతే 'విధాన నిర్ణయాలు ఇలాగే కొనసాగితే' అన్న షరతు పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని పెద్ద అక్షరాల్లో చదువుకోవాల్సింది కొనేవాడే.

మరి విలువ ఎక్కడుంది? మొదటిది, రంగం తెలియనివాడికి పటం దొరుకుతుంది. ఏ రకాలున్నాయి, సరుకు ఎన్ని చేతులు మారుతుంది, ఎగుమతికి ఏ పరీక్షలు కావాలి అన్నవి ఒకచోట కూర్చి ఇస్తారు. దీన్ని తక్కువగా చూడకూడదు. ఉదాహరణకు యూరప్‌కు మిర్చి పంపాలంటే, సరిగ్గా ఆరని కాయకు పట్టే బూజు నుంచి వచ్చే విషం అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ ఒక్క వాక్యం చదివినవాడు మిషన్ల సైజు గురించి ఆలోచించే ముందు కాయ ఎక్కడ ఆరబెట్టాలి, మట్టి కళ్ళం మీదా, టార్పాలిన్ మీదా, ఆరుదలకు షెడ్డు కావాలా అని ఆలోచిస్తాడు. అది మార్కెట్ సైజు కన్నా ఎన్నో రెట్లు పనికొచ్చే సంగతి. మార్కెట్ సైజు తప్పయినా ఈ వాక్యం తప్పు కాదు, ఎందుకంటే ఇది అంచనా కాదు, నిబంధన.

రెండోది దిశ. ఒకే సంస్థ ఒకే పద్ధతిలో వరసగా అయిదారేళ్ళు కొలిస్తే, అసలు సంఖ్య తప్పయినా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చాలావరకు నమ్మొచ్చు. త్రాసు అరకిలో ఎక్కువ చూపించినా రోజూ అదే త్రాసైతే బరువు పెరిగిందో లేదో తెలుస్తుంది కదా, అలాగన్నమాట. అయితే మధ్యలో పద్ధతి మార్చారా, ఆధార సంవత్సరం మార్చారా చూసుకోవాలి. ముఖ్యంగా 2020ని ఆధారంగా తీసుకున్న పెరుగుదల శాతాల్ని పక్కన పెట్టడమే మంచిది. లాక్‌డౌన్ గోతిలోంచి కొలిస్తే ఏదైనా ఎత్తుగానే కనబడుతుంది.

డబ్బు ఎవరిచ్చారన్నది తప్పక చూడాలి, కానీ డబ్బిచ్చి రాయించుకున్నది కాబట్టి పనికిరాదని పక్కన పడేయడం కూడా నష్టమే. ఇక్కడ చాలామందికి తెలియని దారి ఒకటుంది. కంపెనీలు షేర్లు జనానికి అమ్మడానికి వచ్చినప్పుడు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి దాఖలు చేసే ముసాయిదా ప్రాస్పెక్టస్‌లో ఆ రంగం గురించి పెద్ద అధ్యాయం ఉంటుంది. పేరున్న రిసెర్చ్ సంస్థ చేత కంపెనీ డబ్బిచ్చి రాయించుకున్న రిపోర్టు నుంచే అది వస్తుంది, ఆ సంగతి అందులోనే రాసి ఉంటుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆ అధ్యాయంలో మార్కెట్‌ను ఎలా విడగొట్టారో చూస్తే డబ్బిచ్చిన కంపెనీ ముందువరసలో కనబడేలా గీతలు గీసి ఉండొచ్చు, 'దక్షిణ భారతంలో ఫలానా విభాగంలో అతిపెద్ద' అన్నట్టు. ఆ మెరుగు తీసేసి చదవాలి. కానీ అదే పత్రంలో 'రిస్కులు' అనే అధ్యాయం కూడా ఉంటుంది. ముడిసరుకు ధర పెరిగితే ఏమవుతుంది, ఎంత శాతం అమ్మకాలు ఒకే రాష్ట్రం నుంచి వస్తున్నాయి, ఎంతమంది డిస్ట్రిబ్యూటర్లు మానేశారు అన్నవి కంపెనీయే స్వయంగా ఒప్పుకోవాల్సిన చోటు అది. తప్పు రాస్తే చట్టం అడుగుతుంది కాబట్టి నాలుగు లక్షల రిపోర్టులో దొరకని నిజాయితీ అక్కడ దొరుకుతుంది. మసాలాలు, నూనెలు, పాల పదార్థాలు, వస్త్ర దుకాణాలు, ఏ రంగమైనా సరే, ఆ రంగంలో ఈ పదేళ్ళలో పబ్లిక్ ఇష్యూకి వచ్చిన కంపెనీ ఉందేమో ముందు వెతికి, ఆ తర్వాతే రిపోర్టు కొనాలా అని ఆలోచించాలి.

కొనాల్సి వస్తే, ముందుగా ఉచిత నమూనా పేజీలు తెప్పించుకుని చూడాల్సింది విషయసూచికా, పద్ధతి వివరాలూ. 'మసాలా' అంటే ఏవేవి లెక్కలోకి వచ్చాయి, విలువ ఫ్యాక్టరీ గేటు ధరదా దుకాణం ధరదా, ఎంతమందితో ఎక్కడెక్కడ మాట్లాడారు, మన రాష్ట్రానికి సొంత సమాచారం ఉందా, జాతీయ అంకెను జనాభా లెక్కన పంచి పెట్టారా? ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపితే మంచి సంస్థ సూటిగా జవాబిస్తుంది. డిస్కౌంటు ఎంతో చెప్పి జవాబు దాటేస్తే ఆ రిపోర్టు సంగతి అక్కడే తేలిపోయినట్టు.

జాతీయ సంఖ్య చేతికొచ్చాక దాన్ని కింద నుంచి పరీక్షించడం విజయవాడ, గుంటూరు వ్యాపారికి ఢిల్లీ కన్సల్టెంట్ కన్నా తేలిక. ప్రభుత్వ వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ యార్డు ధరలు, యార్డుకొచ్చిన సరుకు లెక్కలు ఉంటాయి. స్పైసెస్ బోర్డు ఎగుమతుల లెక్కలు సరుకులవారీగా, దేశాలవారీగా ఏటా ఇస్తుంది, 2023-24లో మన దేశం నుంచి వెళ్ళిన మిర్చి సుమారు 6 లక్షల టన్నులని ఆ లెక్కల్లోంచే తెలిసింది. ఇక దుకాణాల సంగతి. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో, విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇరవై కిరాణా కొట్లు ఎంచుకుని, సోమవారం ర్యాకులో ఎన్ని కారం ప్యాకెట్లున్నాయో, ఏ బ్రాండు, ఎన్ని గ్రాములు, ఎంత ధర, తయారీ తేదీ ఏమిటో రాసుకుని, మళ్ళీ వచ్చే సోమవారం అవే కొట్లకు వెళ్ళి చూడటం. మధ్యలో కొత్త స్టాకు వచ్చిందా అని కొట్టువాణ్ణి అడగడం. ఆరు వారాలు చేస్తే ఒక కొట్టులో వారానికి ఎన్ని ప్యాకెట్లు కదులుతున్నాయో చేతికొస్తుంది, పండగ ముందు ఎంత, జీతాల వారంలో ఎంత అన్నది కూడా. తయారీ తేదీ అయిదు నెలల కిందటిదై దుమ్ము పట్టి ఉన్న ప్యాకెట్ ఒకటి ర్యాకు మూల కనబడితే, అది ఏ బ్రాండో, ఎందుకు మిగిలిపోయిందో ఆ కొట్టువాడు రెండు నిమిషాల్లో చెబుతాడు. దానికి ఖర్చు ఆటో చార్జీలు, ఒక నోటు పుస్తకం. ఆ లెక్కను ఊళ్ళోని కొట్ల సంఖ్యతో హెచ్చవేసి, రిపోర్టులోని రాష్ట్ర అంకె పక్కన పెట్టి చూస్తే రెండూ దగ్గరగా వచ్చాయా, పదింతల తేడా ఉందా అన్నది కళ్ళ ముందే ఉంటుంది, బ్యాంకు మేనేజరు అడిగితే చూపించడానికి నోటు పుస్తకమూ ఉంటుంది.